జోగమ్మ వేలిముద్ర

జూలై 3

ఓపీ నిండా జ్వరాలు. మధ్యలో జోగమ్మ. మా సికిల్ సెల్ స్టడీలో ఇరవై రెండో పేషెంట్. క్యాప్సూల్స్ మొదలుపెట్టి ఐదు నెలలు. అంతకుముందు నెల తిరగకుండా ఎముకల నొప్పితో వార్డులో చేరేది. ఈ ఐదు నెలల్లో ఒక్కసారీ చేరలేదు. దుమ్ముగూడెం అవతలి నుంచి రెండు ఆటోలు మారి, తన కాళ్ల మీద తాను నడిచి వచ్చింది. చూడగానే సంతోషం... ఆమెను చూసా, నా థీసిస్‌లో అంకెల పట్టిక‌ను తలచుకునా? రెండూనేమో.

నెలనెలా చేసే పరీక్షలే. రక్తం, మూత్రం. సరోజ సిస్టర్ స్ట్రిప్ తెచ్చి నా బల్ల మీద పెట్టింది. రెండు గీతలు.

ఈ మందు వాడుతుండగా గర్భం రాకూడదు. బిడ్డకు హాని జరగవచ్చు.

"మొదటిరోజే చెప్పాను కదా జోగమ్మా, ఈ మందు వాడినన్నాళ్లు పిల్లల సంగతి..."

ఆమె ముఖమంతా నవ్వు. వచ్చీరాని తెలుగులో — "అవ్ మేడం. పిల్లల సంగతి నువ్వే చెప్పినవ్ గదా. గందుకే ఒక్క గోలీ గూడ ఇడ్వలే."

రెండుసార్లు కడుపు పోయిన మనిషి. నేను చెప్పిన దాంట్లో 'మందు', 'పిల్లలు' అన్న రెండు మాటలు మాత్రమే ఆమెకు అందాయి. మిగతాది తనే కలుపుకుంది.

ఇక వేసుకోవద్దన్నాను. ఫోలిక్ యాసిడ్ మాత్రం రాసి ఇచ్చాను. క్యాప్సూల్ డబ్బా వెనక్కి తీసుకుంటుంటే ఒక్కటే అడిగింది — "మల్ల నొప్పులొస్తే?"

జూలై 4

ఆమె ఫైలు తీశాను. అంగీకార పత్రం చివరి పేజీ. 'రోగికి అర్థమయ్యే భాషలో వివరించాను' — ఎదురుగా టిక్కు. కింద నా సంతకం. దాని కింద ఊదారంగు వేలిముద్ర.

ఆ రోజు గుర్తుంది. కోయ భాషలో చెప్పే ఆశా కార్యకర్త భద్రమ్మ సెలవులో ఉంది. ఎన్‌రోల్‌మెంట్ ఆ నెలలోనే ముగించాలని థీసిస్ గైడ్ సార్ నుంచి ఫోన్ల మీద ఫోన్లు. బెంచీ మీద తొమ్మిదిమంది. తెలుగులోనే చెప్పాను. గబగబా. జోగమ్మ ప్రతిదానికీ తలూపింది.

తలూపితే చాలనుకున్నాను.

జూలై 5

ఖమ్మంలో ఉన్న గైడ్ సార్‌కు ఫోన్.

"ప్రెగ్నెన్సీనా? స్టడీ నుంచి తీసెయ్. కౌన్సెలింగ్ ఇచ్చినట్టు ఫైల్లో ఉంది కదా."

"ఆమెకు అర్థం కాలేదు సార్."

"వేలిముద్ర ఉందా లేదా?"

"ఉంది సార్."

"మరింకేంటమ్మా?" మెల్లగా — "అర్థం కాలేదని నువ్వు రాసిచ్చావంటే ఈ ఒక్క ఫైలుతో ఆగదు. ఎథిక్స్ కమిటీవాళ్లు అన్నీ తిరగేస్తారు. డిసెంబరులో సబ్మిషన్. ఆలోచించుకో."

చెడ్డమనిషి కాదు. నా చెయ్యి మీద తన చెయ్యి వేసి, ఉబ్బిన ప్లీహం ఎలా తగులుతుందో నేర్పిన మనిషి. అదే ఊపిరాడనివ్వడం లేదు.

జూలై 7

వాన. క్వార్టర్ నుంచి వార్డుకు, వార్డు నుంచి క్వార్టర్‌కు. నూట పది అడుగులు. ఇవాళ లెక్కపెట్టాను.

జూలై 8

గైనిక్ మేడంను అడిగాను. "ఒంట్లోకి పోయిన మందును వెనక్కి తీయలేం. ఇలాంటి తల్లులకు పిల్లలు బాగానే పుట్టడం చూశాం. అలాగని హామీ ఇవ్వలేం. ఉంచుకోవాలో వద్దో ఆమే తేల్చుకోవాలి. ముందు ఆమెకు తెలియాలి కదా?"

భద్రమ్మకు కబురు పంపాను. వాగు పొంగిందట. రెండు మూడు రోజులంటోంది.

జూలై 10

జోగమ్మ అడ్మిషన్.

వానలో నాట్లకు వెళ్లిందట. భర్త ముత్తయ్య రెండు చేతుల మీద ఎత్తుకొచ్చాడు. "చెయ్యి గూడ ఏయనియ్యదు మేడం, ముట్టుకుంటే చాలు వణుకుతది." ఆమె అరవడం లేదు. కొంగు నోట్లో కుక్కుకుని, పైకప్పు వైపు చూస్తూ.

సెలైన్, ఆక్సిజన్, నొప్పికి ఇంజెక్షన్. కడుపులో బిడ్డ ఉంది కనుక ఏది ఇవ్వాలన్నా రెండుసార్లు ఆలోచించాలి. సాయంత్రం ఒక బాటిల్ రక్తం.

కొంచెం తేరుకోగానే నా మణికట్టు పట్టుకుంది. "ఆ గోలీ ఇయ్యి."

ఇవ్వలేను. ఎందుకు ఇవ్వలేనో ఆమె భాషలో చెప్పలేను. పట్టు వదిలించుకోవడానికి ఎంతసేపు పట్టిందో.

జూలై 11

పెనుబల్లి నుంచి అమ్మ ఫోన్. "ఈ ఆదివారమైనా వస్తావా లేదా?" రాలేనన్నాను. "అక్కడేమన్నా కట్టేశారా నిన్ను?"

నవ్వేసి పెట్టేశాను.

జూలై 12

భద్రమ్మ వచ్చింది. మంచం పక్కన ముగ్గురం — ఆమె, ముత్తయ్య, నేను. నేను ఒక్కో వాక్యం చెప్పి ఆగడం, భద్రమ్మ కోయలో చెప్పడం. ఫిబ్రవరిలో ఐదు నిమిషాల్లో ముగించిన మాటలకు ఇవాళ గంటకు పైగా పట్టింది.

జోగమ్మ నవ్వు ఎక్కడ ఆగిపోయిందో చూశాను. 'బిడ్డకు' అన్న చోట.

తర్వాత ఏదో అడిగింది.

"ఏమంటోంది?"

"ముందుగాల్నే ఎందుకు చెప్పలే అంటుంది మేడం."

"తొందరలో చెప్పాను. అర్థమైందో లేదో చూసుకోలేదు. తప్పు నాదని చెప్పు."

భద్రమ్మ నా వైపు చూసింది. "గట్లనే చెప్పాల్నా?"

"అలాగే చెప్పు."

జోగమ్మ గోడ వైపు తిరిగింది. ముత్తయ్య మాత్రం నన్నే చూస్తూ, తెలుగులో — "మరి ఆ కాయితం మీద ఏమని రాసుకున్నవ్ మేడం?"

జూలై 13

మా స్టడీకి అనుమతిచ్చిన ఎథిక్స్ కమిటీకి ఉత్తరం రాశాను, జోగమ్మకు అర్థం కాకుండానే వేలిముద్ర తీసుకున్నానని. ఐదు వాక్యాలు. పంపలేదు.

సరోజ సిస్టర్ చదివింది. "పంపితే నీ సదువు ఆగుతది గదా మేడం?"

"ఆగొచ్చు."

ఉత్తరం నా చేతికిచ్చి, టేబుల్ మీది సిరంజీలు సర్దుతూ — "సాక్షి సంతకం నాదే ఉంది ఆ కాయితం మీద. నాది కాంట్రాక్టు నౌకరి. గంతే చెప్తున్న. పంపొద్దని అంటలే."

సాక్షి సంగతే మరిచిపోయాను. ఆ రోజు ఆమె ఇంజెక్షన్లు వేస్తుంటే పిలిచి, ఇక్కడ సంతకం పెట్టు అన్నాను. ఎందుకని అడగకుండా పెట్టింది. నన్ను నమ్మి.

పంపినా ఒకరికి దెబ్బే. పంపకపోయినా.

జూలై 14

ఉత్తరం సంగతి తర్వాత. ముందు మిగతావాళ్లు. ఆ రోజు చేర్చుకున్న తొమ్మిదిమందిలో తెలుగు సరిగా రానివాళ్లు నలుగురు. అందులో పిల్లలు కనే వయసున్న ఆడవాళ్లు జోగమ్మ కాక ఇంకొక్కరే. ఫోన్ కలవలేదు. భద్రమ్మ తానే వెళ్తానంది, చెప్పులు చేత్తో పట్టుకుని బయల్దేరింది.

సాయంత్రం ఎక్కడో సిగ్నల్ దొరికిన చోటు నుంచి చేసింది. "ఆమెకేం లేదు మేడం. పిల్లల ఆపరేషన్ అయ్యి నాలుగేండ్లాయె."

ఏడుపొచ్చింది. ఇది రాయాలా... రాశాను.

జూలై 15

పంపాను. పొద్దున పదకొండుకు. ఇంకో వాక్యం చేర్చి — 'సాక్షికి నేనేమీ వివరించలేదు, సంతకం మాత్రమే అడిగాను.' సిస్టర్‌కు చూపించాకే పంపాను. చదివి, "నిజమే గదా" అని ఇంజెక్షన్ ట్రే ఎత్తుకుని వెళ్లింది. ఆ వాక్యం ఆమెను కాపాడుతుందో లేదో తెలియదు.

జవాబు లేదు. సార్‌కు కూడా అదే ఉత్తరం వెళ్లింది. ఆయన నుంచీ లేదు.

జూలై 16

స్కాన్. జోగమ్మను చక్రాల కుర్చీలో నేనే తీసుకెళ్లాను. తెర మీద గింజంత, మధ్యలో టకటకా కొట్టుకుంటోంది.

భద్రమ్మ ద్వారా అడిగింది. "మందు దానికి తగిలిందా అంటుంది."

"తెలియదు. ఇప్పుడు ఎవరికీ తెలియదు. ఐదో నెలలో ఇంకో స్కాన్‌లో కొంత తెలుస్తుంది. అంతా తెలియదు."

జోగమ్మ తలూపలేదు. మళ్లీ చెప్పించుకుంది. మూడోసారి కూడా. ఆ తర్వాత నేను అర్థమైందా అని అడగలేదు. ఏం అర్థమైందో చెప్పమన్నాను.

ఆమె చెప్తుంటే భద్రమ్మ తెలుగులో అంటూ పోయింది — "గోలీ ఏస్కుంటే నాకు నొప్పి రాదు, బిడ్డకు ఏమైతదో తెల్వదు. గోలీ ఇడిస్తే నొప్పొస్తది, బిడ్డకు ఏమైతదో అప్పుడు గూడ తెల్వదు. గంతేనా?"

"గంతే" అన్నాను.

ఉంచుకుంటుందో లేదో చెప్పలేదు. నేనూ అడగలేదు.

జూలై 17

సార్ మెసేజ్. 'రేపు ఖమ్మం రా. అన్ని ఫైళ్లూ తీసుకుని.' అంతే. కోపమో, ఇంకేమిటో.

వార్డుకు వెళ్లాను. జోగమ్మ మోకాళ్లలో మళ్లీ నొప్పి మొదలైంది. ముత్తయ్య పాదాలు ఒత్తుతున్నాడు. ఇవాళ భద్రమ్మ లేదు. జోగమ్మ మాటలు వెతుక్కుని, తెలుగులో తనే —

"రేపు నువ్వే ఉంటవా మేడం?"

నోటి దాకా వచ్చింది, ఉంటానని. అనలేదు. సెలైన్ చుక్కలు సరిచేస్తూ అక్కడే నిలబడ్డాను.