పార్సిలు మీద అంటించిన కాగితం

దుర్గా,

నువ్వు పోయి ఇవాల్టికి ఏడాది. మెట్ల మీద జారిపడ్డావని మస్కట్‌లో నువ్వు పనిచేసిన ఇంటామె చెప్తే, నీ చావు కాగితంలో అదే రాశారు. నీ సామాన్ల పెట్టెలో వచ్చిన పసుపు నైటీని ఇవాళ బందరు పోస్టాఫీసు నుంచి ఆమెకే పంపాను.

నీకు ఎండురొయ్యలు పంపినప్పుడు పైన బట్టలని రాయిస్తే సరిపోయేది. నువ్వు ఫోన్లో ఒకటే నవ్వు. ఇప్పుడు రూలు మారిందంట. లోపలేముందో ఉన్నదున్నట్టు రాయాలంట. అక్కడి కస్టమ్స్ వాళ్లు చదివాకే ఇస్తారంట.

"పాత నైటీ అని రాస్తాలేమ్మా" అన్నాడు పోస్టు బాబు.

"ఉన్నదున్నట్టు అన్నావుగా బాబూ. వీపు దగ్గర ఇస్త్రీపెట్టెతో కాల్చిన మచ్చలు మూడున్నాయి. అవీ రాయి."

విప్పి చూశాడు. మూడూ లెక్కపెట్టి ఇంగ్లీషులో రాశాడు. రెండుసార్లు చదివించుకుని విన్నాను. ఆ కాగితం పార్సిలు పైనే అంటించాడు. ఆమె గుమ్మం దాకా ఎంతమంది చేతులు మారితే అంతమందీ చదవాలి.

"ఆవిడ తీసుకోనంటే?"

"తిరిగొచ్చేస్తుందమ్మా."

రానీవే తల్లీ. మళ్లీ పంపుతాను. మళ్లీ అదే రాయిస్తాను.

మీ అమ్మ