నొప్పి లేదన్నవాళ్ళు

ఫిబ్రవరి 12, గురువారం

హమామ్ ఆవిరిలో ఒళ్ళు పట్టించుకోడానికి ఏడుగురు వచ్చారు. తాపీమేస్త్రీకి కుడి భుజం. టాక్సీ డ్రైవర్‌కి నడుము, ఎప్పటిదే. లెక్చరర్‌కి మెడ, పడుకుని ఫోన్ చూడొద్దంటే వినడు. ఆఖర్న రొట్టెలు కాల్చే బరోత్ అకా, అందరికీ అన్నలాంటివాడు. ఎడమ చంకకి నాలుగు వేళ్ళ దిగువన కమిలిన మచ్చ ఉంది. ఏమిటని అడిగాను. తలుపు తగిలిందన్నాడు. నొప్పా అంటే, నలభై ఏళ్ళు తందూరులో తల పెట్టినవాడికి నీ చేతులొక లెక్కా అన్నాడు. చుట్టూ బండల మీద ఉన్నవాళ్ళు నవ్వారు. మోకాలు ఆనించి వీపు విరిచాను. లోపల ఏదో చప్పుడైంది. మళ్ళీ అడిగాను. కానియ్ అన్నాడు. లేచి, టీ తాగి, టోపీ సర్దుకుని వెళ్ళాడు.

బయట మంచు.

ఫిబ్రవరి 13, శుక్రవారం

బరోత్ అకా ఆసుపత్రిలో ఉన్నాడు. పక్కటెముక విరిగి ఊపిరితిత్తికి గుచ్చుకుందట. విరిచింది నేనట.

ఫిబ్రవరి 15

హమామ్ యజమాని నోసిర్ ఇంటికి వచ్చాడు. బూట్లు విప్పలేదు. కొన్నాళ్ళు ఇంట్లో ఉండమన్నాడు. ఎన్నాళ్ళు అని అడగలేదు. అడిగితే నోరు జారేవాణ్ణి.

సాయంత్రం బరోత్ పెద్దకొడుకు ఫైజుల్లో గుమ్మంలో నిలబడ్డాడు. ఇరవై ఏళ్ళుగా నన్ను ‘మీరు’ అన్నవాడు ‘నువ్వు’ అన్నాడు. నువ్వు మా నాన్న ఒళ్ళు పట్టావా, గొర్రెని కోసి ఎముకలు తీశావా అన్నాడు. మా ఆవిడ సలోమత్ టీ పోసింది. తాగకుండానే వెళ్ళిపోయాడు. ఆ టీ నేను తాగాను. చల్లారిపోయి ఉంది.

ఫిబ్రవరి 17

బజార్లో ఉల్లిపాయల వాడు చేతులు వెనక్కి దాచుకున్నాడు, నేను విరుస్తానన్నట్టు. జనం నవ్వారు. అక్కడే కొన్నాను. వేరేచోటికి ఎందుకు పోవాలి?

ఫిబ్రవరి 19, గురువారం

ఆసుపత్రికి వెళ్ళాను. కొడుకులు లేని వేళ చూసి వెళ్ళాను, అదీ సిగ్గే. బరోత్ అకా పక్కటెముకల మధ్య గొట్టం పెట్టారు. నన్ను చూసి తలుపు వేయమన్నాడు.

అప్పుడు చెప్పాడు. నా దగ్గరికి వచ్చిన ముందురోజు తెల్లారుజామున రొట్టె అతికించడానికి తందూరులోకి వంగితే తల తిరిగిందట. అంచు మీద పడ్డాడు. ఎముక అప్పుడే చిట్లింది. రాత్రంతా కూర్చునే ఉన్నాడట. మరి బండ మీదకి ఎందుకొచ్చావంటే, గురువారం రాకపోతే ఎందుకు రాలేదని అడుగుతారుగా అన్నాడు.

ఎవరికీ చెప్పొద్దని బతిమాలాడు. రెండేళ్ళుగా కొడుకులు పొయ్యి దగ్గర్నుంచి లేవమంటున్నారట. తల తిరిగిందని తెలిస్తే ఆ సాయంత్రానికే దుకాణం ముందు కుర్చీ వేసి కూర్చోబెడతారు, వచ్చేపోయేవాళ్ళకి సలాం చెప్పుకోమని. నీ సంగతి నెలలో మర్చిపోతారులే అన్నాడు. నా ముప్పై ఒక్క ఏళ్ళ పని వాడికి నెల!

కోపం పట్టలేక, నొప్పా అని రెండుసార్లు అడిగానా లేదా అన్నాను. అతను తల నావైపు తిప్పాడు.

“మచ్చ చూశావు కదా. మరెందుకు నొక్కావు?”

నేను లేచి వచ్చేశాను.

ఫిబ్రవరి 20

ఎందుకు నొక్కానంటే, ఆరుగురు చూస్తున్నారు. ఈరోజు వద్దు అకా అంటే అతని పరువు పోయేది. నా చేతిలో బలం తగ్గిందని కూడా అనుకునేవాళ్ళు. ఇదీ కారణం. ఇంతకన్నా మంచి కారణం వెతికాను, దొరకలేదు.

ఫిబ్రవరి 28

సలోమత్ ఈ పుస్తకం ఫైజుల్లోకి చూపించమంటోంది. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఎవరికి ఎక్కడ పట్టేసిందో రోజూ రాసిపెట్టావు, పన్నెండో తారీఖు పేజీలో మచ్చ ఉంది, నువ్వు పట్టకముందే ఉందని ఉంది, ఇంకేం కావాలి అంటోంది. నిజమే. నేను చూశానని కూడా అదే పేజీలో ఉంది. మచ్చ ఎలా వచ్చిందని అడుగుతారు, బరోత్ పొయ్యి కూడా ఆ పేజీతోనే పోతుంది.

చూపించను. మంచితనం కాదు. మంచితనమైతే ఇంత మంట ఉండదు.

ఇంట్లో పిండి పిసుకుతున్నాను. నీ కోపానికి రొట్టె చెప్పు అట్టలా వస్తోంది, దాన్నొదిలెయ్ అంది సలోమత్.

మార్చి 10

నోసిర్ కబురు. గోడకి బోర్డు పెడతాడట, వచ్చేవాళ్ళకి ఏం జరుగుతుందో తెలిసేలా. రాసిమ్మన్నాడు. నేను స్కూల్లో ఏడో తరగతి దాటలేదు. శరీరం గురించి నేర్చుకున్నది పాత సామాన్ల సంతలో కొన్న అట్టలేని డాక్టరీ పుస్తకంలో, మిగతాది జనం వీపుల మీద. అయినా కూర్చుని రాశాను.

తిన్న వెంటనే రావద్దు. ముందు వేడిగదిలో చెమట పట్టేదాకా కూర్చోవాలి, తొందరపెడితే కండ వదలదు. పడ్డారా, ఆపరేషన్ అయిందా, రక్తం పలచబడే మందు వేసుకుంటున్నారా, ముందే చెప్పాలి. మొదట అరచేత్తో మెల్లగా మొదలవుతుంది. అప్పుడే ఇంతేనా అనకండి. తర్వాత బొటనవేళ్ళు, ఆ తర్వాత మోచెయ్యి. నొప్పి రెండు రకాలు. ఒకటి లోపల్నుంచి వదులుతున్నట్టు తియ్యగా ఉంటుంది. రెండోది కోసినట్టు ఉంటుంది. రెండోది రాగానే నోరు తెరవండి. నోరు తెరిచినవాడు ఆడంగి కాదు. మీ లోపల ఏముందో నా వేళ్ళకి సగమే తెలుస్తుంది, మిగతా సగం మీ దగ్గరుంది, దాన్ని ఇంట్లో పెట్టి రాకండి. చివర్న అల్లం తేనె రాస్తే మండుతుంది, అది మంచిదే. గభాల్న లేవద్దు. టీ తాగండి. తడితలతో చలిలోకి వెళ్ళద్దు. ఒళ్ళు పట్టేవాడు ఈరోజు వద్దంటే వాడితో వాదించకండి. అది చెప్పడానికి వాడికీ ధైర్యం కావాలి.

ఆఖరి మాట రెండుసార్లు కొట్టేసి మళ్ళీ రాశాను.

మార్చి 14

బోర్డు పెట్టాడు. చూసొచ్చాను. జరిగినదానికి యాజమాన్యం బాధ్యత వహించదు. అంతే ఉంది. రంగు మాత్రం బాగుంది.

మార్చి 24

నవ్‌రూజ్ పండగ అయిపోయింది. నా బదులు పెట్టినవాడు పిల్లిని నిమిరినట్టు నిమురుతున్నాడట, జనం గొణుగుతున్నారట. రమ్మన్నాడు నోసిర్. ఒక షరతు ఉందన్నాను. ఏదైనా సరే అన్నాడు. వినకుండానే అన్నాడు.

మార్చి 26, గురువారం

నా షరతు ఇది: బండ మీద పడుకున్నవాడు ఎక్కడ నొప్పో ఒక్క చోటైనా చెప్పాలి. గట్టిగా, అందరికీ వినపడేలా. చెప్పకపోతే చెయ్యి వెయ్యను.

తాపీమేస్త్రీ ఏం లేదన్నాడు. లేపేశాను. డ్రైవర్ నవ్వి, నొప్పి మా ఆవిడ అన్నాడు. వాణ్ణీ లేపేశాను. లెక్చరర్ ఇదేమైనా పోలీస్‌స్టేషనా అని అడిగి, తనంతట తనే లేచాడు. ముగ్గురికీ వీపులు చెక్కల్లా ఉన్నాయి, దూరం నుంచే తెలుస్తోంది. నోసిర్ పిచ్చెక్కిందా ఉస్తాద్ అన్నాడు. ఎక్కిందన్నాను.

ఏప్రిల్ 2, గురువారం

ఎవరూ రాలేదు. బండ కడిగాను. వచ్చే గురువారం కూడా ఇంతే అయితే ఇక రావద్దన్నాడు నోసిర్.

ఏప్రిల్ 9, గురువారం

బరోత్ అకా వచ్చాడు. ఫైజుల్లో చొక్కా విప్పడానికి సాయం చేసి, పక్క బండ మీద కూర్చున్నాడు. గురువారాల తక్కినవాళ్ళు కూడా చూడ్డానికి వచ్చారు.

బరోత్ అకా బండ మీద పడుకుని, పొయ్యి దగ్గర తల తిరిగి పడ్డాను, నీ దగ్గరికి రాకముందే, ఇక్కడ నొప్పి అన్నాడు. హమామ్ గుమ్మటం కింద ఆ మాట మారుమోగి రెండుసార్లు వినపడింది.

అప్పటికి నేనింకా చెయ్యి వెయ్యలేదు.