మొదటి దెబ్బ

సుజాతా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. మనిద్దరం మొదలుపెట్టిన వ్యాసం నిన్న నంద్యాల కాలేజీలో నేనొక్కదాన్నే చదివాను. చేసేవాళ్లు కనబడకుండా వస్తువే తన గుణం చెప్పుకునే వాక్యాల గురించి కదా. అలాంటి చోట చైనా భాషలో క్రియ పక్కన 'పైకి లేచు' అనే మాట చేరుతుందంటే అందరూ రాసుకున్నారు. చప్పట్లు మాత్రం శిల్పాలు చెక్కే మా నాయన నీకు చెప్పిన వాక్యానికే వచ్చాయి: "ఈ రాయి ఉలికి సులువుగా తెగుతాది."

ఆ రాళ్ల మధ్య పెరిగింది నేను. చెప్పింది నీకు. పోయినవాళ్ల మీద కుళ్లుకోకూడదంటారు. కుళ్లుకుంటున్నాను.

పొద్దున ఆళ్లగడ్డకు వచ్చి చప్పట్ల సంగతి చెబితే నాయన అన్నాడు, "ఆ పాప అడిగే తీరే వేరులేమ్మా. పక్కన కూచోని, రాయిని తట్టి చూసి అడుగుతాండె."

మా ఇంట్లో కొత్త రాయికి మొదటి దెబ్బ ఇంటి బిడ్డ కొట్టాలి. వాక్యాలు సేకరించడానికి నువ్వు మా ఇంటికొచ్చిన ఏడు నాయన ఆ సుత్తి నీకిచ్చాడు. ఇవాళ మళ్లీ కొత్త రాయి దింపారు. పసుపు పూసి, టెంకాయ కొట్టి, సుత్తి పట్టుకుని ఆయన గేటు వైపు చూస్తూ నిలబడ్డాడు.

"ఎవరికోసం చూస్తాండావు నాయనా?" అన్నాను.

నేను పక్కనే చెయ్యి చాచుకుని నిలబడి ఉన్నాను.