మోకాళ్ల నొప్పులని రాసిచ్చిన

2011, అక్టోబర్ ఆఖరు శనివారం

పొద్దున బస్సు డిపోల మేనేజర్ సార్‌కు డ్రైవర్ నౌకరీ ఇడిసిపెడుతున్ననని కాగితం ఇచ్చిన. ఇంకా నాలుగేండ్ల సర్వీసున్నది. "గింత ముందుగాల ఎందుకు దిగుతున్నవ్ రాజయ్యా?" అని అడిగిండు.

"మోకాళ్లు పట్టేస్తున్నయ్ సార్" అన్న.

బయట కండక్టర్ లచ్చయ్య నా చెయ్యి పట్టుకున్నడు. "సమ్మెల నెలరోజులు టెంటు కింద కూసున్నం. రేపు తెలంగాణ అస్తది, జీతాలు పెరుగుతయ్. గిప్పుడు పోతవా అన్నా?" చెయ్యి ఇడిపించుకొని ఇంటి తొవ్వ పట్టిన.

ఇంటికి అస్తే నా పెండ్లాం లక్ష్మి ఉప్పు కాపడం పెట్టింది. నొప్పి లేని మోకాళ్లకు పెట్టించుకున్న.

అసలు సంగతి సమ్మె అయినంక బస్సెక్కిన మొదటి రోజుది. వేములవాడల బస్సు మలుపుతుంటే, గుండు చేయించిన పిల్లను సంకనేసుకొని ఒకామె అడ్డమచ్చింది. ఆమె నాకు కనవడ్డది. కనవడ్డంక గూడ కాలు బ్రేకు మీదికి జల్ది పోలే. జానెడు దూరంల ఆగింది బస్సు. ఆమె నన్ను తిట్టలే, పిల్ల తల తడుముకుంట పక్కకు జరిగింది. టికెట్లు కొడుతున్న లచ్చయ్య చూడలే.

వయసుల ఉన్నప్పుడైతే బస్సు పక్కకు ఆపి, చేతుల వణుకు తగ్గేదాక కూసునేటోన్ని. ఆ దినం గేరేసి కొడిమ్యాల మీదికెల్లి జగిత్యాల దాక తోలిన. ఏం అనిపియ్యలే. గిప్పుడు ఆమెను తలుసుకున్నా భయం అయితలేదు. గందుకే దిగుతున్న. గీ మాట కాగితం మీద ఎట్ల రాయాలె?

ఆ రూట్ల ఇంకొకడు తోల్తడు. భయపడేటోడైతే మంచిది.