పెంటమ్మ తొట్టి మీద కొత్త పేరు

పెబ్బేరు,
13–11–1949

పూజ్యురాలైన అమ్మ పాదాలకు, ఇంటర్మీడియట్ పాసైనా తల వంచడం మరవని నీ చిన్నకొడుకు యాదయ్య నమస్కరించి రాసుకున్న సంగతులు.

ఇక్కడ నేనూ, నాయినా, రెండు బర్రెలూ క్షేమం. నాయిన వండే పప్పు ఒక్కటే క్షేమంగా లేదు. అమరచింతలో నువ్వూ, అక్కా, పురిటిబిడ్డా బాగున్నారని తలుస్తాను. బర్రె పాలు తగ్గాయా అని అడిగావు. తగ్గలేదు, నువ్వు పిలవడం లేదని బర్రెలు అలిగాయి, అంతే.

ఇక అసలు మాట. నువ్వు విన్నది పుకారనుకున్నాను. నిజమే అమ్మా. పశువుల సంతలో అమ్మమ్మ పెంటమ్మ తన వెండి కడియాలు అమ్మి కట్టించిన నీళ్ల తొట్టికి, కొత్తగా లీడరైన శాంతయ్యగారి పేరు పెట్టేశారు. నిన్న సంతకు వెళ్లేసరికి 'శాంతయ్య జలాశయం' అని చెక్కిన బండ నిలబడి ఉంది. ఒక్కో అక్షరం కూడబలుక్కుని రెండుసార్లు చదివాను.

అంతకన్నా విడ్డూరం, సంతే ఆగిపోయింది. బేరం కుదిరిన ఎద్దుకు ఆ తొట్టిలో నీళ్లు తాపి, 'పెంటమ్మ సాక్షి' అంటేనే కదా మన దగ్గర అమ్మకం ఖాయం! ధరూరు బక్కయ్య తాత కోడెలను తొట్టిదాకా తోలుకొచ్చి, బండ మీది రాత చదివించుకుని, పగ్గం వదల్లేదు.

"గిప్పుడు ఎవ్వరి సాక్షి అనాలె? రేపు ఎద్దు కుంటితె శాంతయ్య వస్తడా?"

కొనడానికి వచ్చిన నాగప్ప బెదిరాడు. "నీ ఎద్దు కుంటుతదా ఏంది తాతా?"

"నా ఎద్దు కుంటదు బిడ్డా. ఆయన మాటనే కుంటుతది!"

పొద్దు వాలేదాకా ఒక్క పగ్గమూ చేయి మారలేదు. బండ దగ్గరున్న శాంతయ్యగారి మనిషిని పేరెందుకు మార్చారని అడిగితే మడిచిన కాగితం తీశాడు. "మీ ఊరోళ్లే రాసిచ్చిండ్రు గద!"

ఆ కాగితం పుకారు కూడా అమరచింతకు ముందే చేరినట్టుంది, 'గా కాగితం రాసినోడు దొరికితె నా పేరు చెప్పి రెండు చెంపలు వాయించు' అని నువ్వు అక్క చేత రాయించావు. చదివి వినిపిస్తున్న అక్కా, ఇక్కడ జర ఆగు. అమ్మ చేతిలో బిడ్డ ఉంటే నువ్వు తీసుకో.

అమ్మా, వాడు దొరికాడు. నేనే.

పోయిన నెల ఆయన ఊరికి వస్తే, చదువుకున్నవాడినని నాతో సన్మానపత్రం రాయించి, చదివించారు. వేళాకోళానికి ఆయన్ని మేఘమన్నాను, సముద్రమన్నాను. చివర్లో 'మా పెంటమ్మ తొట్టికి సైతం తమ నామమే తగును' అన్నాను. అందరూ నవ్వుతారనుకున్నాను. ఎవరూ నవ్వలేదు. ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. నిన్ను కన్నతల్లి పేరుతో పరాచికాలాడాను.

బక్కయ్య తాతకు అక్కడే చెప్పేశాను. కొడతాడనుకున్నాను. తొట్టి నీళ్లు నా దోసిట పోసి, "తాగి, పెంటమ్మ సాక్షిగ నిజం చెప్పు" అన్నాడు. సంతంతా చూస్తుండగా ఎద్దులాగే తాగి, చెప్పాను. తర్వాత తొట్టికి అమ్మమ్మ పేరే ఉంచాలని అర్జీ రాశాను. మేఘం లేదు, సముద్రం లేదు, మూడే వాక్యాలు. వందకు పైగా వేలిముద్రలు పడ్డాయి. వచ్చే సంతకు ఆ బండకు దండ వేయడానికి ఆయన వస్తున్నాడు. ఎదురుగా నిలబడి ఆ అర్జీ చదవాల్సింది నేనే.

ఒక చెంప నాయిన నీ పేరు చెప్పి వాయించాడు. రెండోది నీకోసం ఉంచాను. సంత రోజుకు బండి కట్టించుకుని రా. కొట్టు, కొట్టి నా పక్కన నిలబడు. ఒక్కడినే చదవాలంటే భయంగా ఉందమ్మా.

ఇట్లు,
సన్మానపత్రాల జోలికి ఇక పోని
నీ చిన్నకొడుకు
యాదయ్య