తల కదలని నాలుగు రోజులు

చిరంజీవి ప్రేమలీలకు నాన్న ఆశీస్సులు. జువ్వలదిన్నెలో నేనూ అమ్మా కులాసా. మద్రాసులో నువ్వూ బాబూ అట్లాగే ఉన్నారని అనుకుంటాను.

నీ జాబు అందింది. బాబు కళ్ళు పక్కకు తిప్పలేడని, అందుకే తల విసిరి చూస్తాడని, చిన్నమెదడు నడిమి భాగం సరిగా ఏర్పడలేదేమోనని డాక్టరమ్మ అన్నదంతా అమ్మకు చదివి వినిపించాను. ఏడవలేదు. "తెలిసింది గదా, చూపిద్దాం" అనింది. ఈ ఇంట్లో బుర్ర ఉన్నది ఆమె ఒక్కదానికే.

మీ మేనత్త మస్తానమ్మ సంగతి అడిగావు. రోజూ వస్తోంది. ఎనిమిది నెలల బిడ్డ తల విసిరితే "ఏంది తమ్ముడా, నీ మనవడు అప్పుడే చిందేస్తాండాడు" అని చప్పట్లు కొట్టిన మనిషి, ఇప్పుడు గ్రహణం మొర్రి, స్కానెందుకు అంటోంది. నువ్వు కడుపుతో ఉండి గ్రహణం నాడు చేపలు కోశావంట. ఆ చేపలు తెచ్చి నీ ముందు పడేసింది తనే. అది మాత్రం గుర్తులేదు.

అల్లుడు పెంచలకృష్ణ ఇంకో మేధావి. ఫోనులో ఏదో చూసి "ఏడాదికి అదే సర్దుకుంటది మామా, పసోడికి మత్తిచ్చి స్కాను ఎందుకు" అంటున్నాడు. పడవ ఇంజను దగ్గితే నెల్లూరు నుంచి మెకానిక్కును పిలిపించే మనిషి.

వీళ్ళిద్దరి ధైర్యానికీ ఆధారం నా మాటే. పోయిన నెల నువ్వూ అమ్మా ఊరెళ్తూ నా దగ్గర వదిలిన నాలుగు రోజులూ బాబు తల విసరలేదని చెప్పాను. నిజమేనా నాన్నా అని అడిగావు. రోజువారీ పుస్తకంలో కూడా 'విసరలేదు' అని నాలుగుసార్లు రాసుకున్నాను. రాయనిది ఇది.

తల గుండ్రంగా రావాలని పెట్టే ఆవాల దిండ్లు రెండు, చెవులకు అటూ ఇటూ బిగించి పడుకోబెట్టాను. చెడ్డ అలవాటు మాన్పిద్దామనుకున్నాను. పైకప్పు చూస్తూ ఏడ్చాడు. మూడో రోజుకు ఏడవడం కూడా మానేశాడు. దారికొచ్చాడని సంబరపడ్డాను. మస్తానమ్మ నయం, చప్పట్లు కొట్టి ఊరుకుంది. బడికి పోకుండానే చదువు నేర్చానని లోలోపల మురిసే నేను, బిడ్డ చూపుకున్న ఒక్క దారినీ మూసేశాను.

ఈ జాబు డాక్టరమ్మకు చూపించు. గురువారం స్కాను ఆపొద్దు. చేపల లారీ ముత్యాలయ్య చేతికిస్తున్నాను, రేపటికి అందుతుంది. అల్లుడికీ మీ మేనత్తకీ నేనే నోటితో చెబుతాను.

నువ్వు తిరిగొచ్చిన రోజు దిండ్లు తీసి దాచాను. గడపలో నిలబడి పిలిచావు. వాడు తల విసిరి నిన్ను చూసి నవ్వాడు. నువ్వు పరుగెత్తి ఎత్తుకున్నావు. నేను మళ్ళీ మొదలుపెట్టాడే అని విసుక్కున్నాను.

ఇట్లు,
మీ నాన్న
పోలేరయ్య