గాలి రాకముందే

మావా, విశాఖ ఆసుపత్రి వరండాలో కూర్చుని రాస్తున్నాను. నీ తమ్ముడికి గుండె ఆపరేషన్ అయింది, కళ్లు తెరిచాడు.

గుండె మరీ నీరసంగా ఉందని నిన్ననే తొడలోంచి బెలూన్ పెట్టారు. "బెలూనేసీసినారు కదా బాబూ, ఇంక కొయ్యడం దేనికి?" అని అత్త డాక్టర్ని పట్టుకుంది. మన పలాసలో బెలూన్ వేశారంటే పూడిన నరం తెరిచినట్టు, కోత తప్పినట్టేగా! ఇది వేరట, కోతకు తట్టుకునేలా గుండెకు ముందే ఇచ్చే ఆసరా అట.

ఏటా నువ్వనే మాటే అత్తకు చెప్పాను: "గాలి రాకముందే అరటిగెలకి ఊతకర్ర ఎట్టినట్టు."

"మరి నా పెద్దకొడుక్కి ఈ బెలూను కోసీసినాక ఎందుకెట్టినారే?" అంది.

నిన్ను తెచ్చేసరికే గాలి మొదలైపోయిందన్నాను. నిజమో కాదో ఎవరినీ అడిగే ఓపిక లేదు మావా. ఊరెళ్లగానే అరటికి ఊతలు పెట్టాలి. నువ్వు పోకముందు నరికి ఉంచిన వెదురు కర్రలు అలాగే ఉన్నాయి.